డెన్వర్ నుంచి కాలిఫోర్నియా దాకా రైలు: అమ్మానాన్నలకి కోచ్ సరిపోతుందా, స్లీపర్ తీసుకోవాలా?

కిటికీపక్క:
అందరికీ నమస్కారం. అమ్మానాన్న మేలో వస్తున్నారు, సెప్టెంబర్ దాకా మా దగ్గరే ఉంటారు. నాన్న ముప్పై రెండేళ్లు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, ఇది ఆయన మూడో ట్రిప్, ఇప్పటిదాకా ఈ దేశంలో ఒక్క రైలు కూడా ఎక్కలేదు. పోయినసారి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్ దారిలో గేటు పడి గూడ్సు బండి వెళ్తుంటే ఆయన కారు అద్దం దించుకుని వ్యాగన్లు లెక్కపెట్టారు. అప్పుడే అనుకున్నాను, ఈసారి తప్పకుండా ఎక్కించాలని.

కాలిఫోర్నియా జెఫిర్ అనే రైలు చూస్తున్నాను. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఎమరీవిల్ దాకా 2,438 మైళ్ళు, దాదాపు 52 గంటలు, రెండు రాత్రులు. మేం ముగ్గురం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది. కోచ్ టికెట్టుకీ స్లీపర్‌కీ రేటులో చాలా తేడా ఉంది. గదిలో కూర్చుంటే ఒక వైపు కిటికీ ఒక్కటే కదా, అంత పెట్టి తీసుకున్నాక సగం కొండలు కనపడకుండా పోతాయేమో అని నా అనుమానం. వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి. ఏ వైపు కూర్చోవాలి, తిండి సంగతేంటి అన్నది కూడా.

రైలుబాట:
ముందుగా ఒక మాట, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర స్లీపర్ అంటే అందరూ ఎక్కే మామూలు క్లాసు. ఈ రైలు నడిపే ఆమ్‌ట్రాక్‌లో దానికి పూర్తిగా రివర్స్, కోచ్ అంటే కూర్చునే సీటు, స్లీపర్ అంటే తలుపు వేసుకునే సొంత గది. మా మావయ్యగారు "స్లీపర్‌కి అంత డబ్బా" అని రెండు రోజులు బాధపడ్డారు, గది అని తెలిశాక కుదుటపడ్డారు.

ఇక మీ అసలు అనుమానం. వ్యూ కోసం స్లీపర్ తీసుకోనక్కర్లేదు, కోచ్ తీసుకున్నంత మాత్రాన వ్యూ పోదు. ఈ రైల్లో సైట్‌సీయర్ లాంజ్ అని ఒక పెట్టె ఉంటుంది, గోడల నుంచి పైకప్పు అంచు దాకా అద్దాలు, సీట్లు కిటికీల వైపు తిరిగి ఉంటాయి. దానికి రిజర్వేషన్ లేదు, కోచ్ వాళ్ళూ గది వాళ్ళూ ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. కాబట్టి పగటి సంగతి అందరికీ ఒకటే, మీరు డబ్బు పెట్టేది రాత్రికి. ఎన్ని రాత్రులకి పెట్టాలి అన్నదే ఆలోచించాల్సిన విషయం.

నా సలహా, షికాగో నుంచి ఎక్కకండి. మొదటి రోజు మధ్యాహ్నం రెండు ప్రాంతంలో బయల్దేరుతుంది, ఇల్లినాయ్, ఐయోవా చేలు చూస్తారు, బర్లింగ్టన్ దగ్గర మిసిసిపీ దాటడం బాగుంటుంది, నెబ్రాస్కా మాత్రం మొత్తం చీకట్లోనే పోతుంది. విమానంలో డెన్వర్ వెళ్ళి ఒక రాత్రి అక్కడ పడుకుని, పొద్దున ఎనిమిది ప్రాంతంలో యూనియన్ స్టేషన్‌లో ఎక్కండి. అక్కణ్ణుంచి ఎమరీవిల్ దాకా సుమారు 33 గంటలు, ఒక పగలు రాకీ పర్వతాలు, ఒక రాత్రి యూటా, నెవాడా ఎడారి, మర్నాడు పగలు సియెరా నెవాడా. చీకట్లో పోయేది పోయినా బాధలేని భాగమే.

మీ నాన్నగారు రైల్వే మనిషి కాబట్టి ఇవి ఆయనకి ముందే చెప్పండి. డెన్వర్ దాటాక రైలు కొండ ఎక్కడానికి పెద్ద వంపు తిరుగుతుంది, అక్కడ మట్టి నింపిన పాత హాపర్ వ్యాగన్లు వరసగా, కదలకుండా నిలబెట్టి ఉంటాయి. వదిలేసిన బండి కాదు అది, కొండ గాలి రైలుని పడెయ్యకుండా అడ్డం పెట్టిన గోడ. ఆ తర్వాత వరసగా సొరంగాలు, చివరికి మోఫాట్ టన్నెల్, 6.2 మైళ్ళు, 1928లో తెరిచారు, దాటడానికి పది నిమిషాలు పడుతుంది. అది లేనప్పుడు రైళ్ళు రోలిన్స్ పాస్ మీద నుంచి 11 వేల అడుగుల పైకి ఎక్కి దిగేవి. టన్నెల్లో ఉన్నంతసేపూ పెట్టెల మధ్య తలుపులు తియ్యొద్దని అనౌన్స్ చేస్తారు, డీజిల్ పొగ లోపలికి వస్తుందని. రెండో రోజు డానర్ పాస్ మీదుగా వెళ్ళేది 1869లో పూర్తయిన మొదటి ఖండాంతర రైలుమార్గం దారి. ఆ కొండని తొలిచిన కూలీల్లో ఎక్కువమంది చైనా నుంచి వచ్చినవాళ్ళు.

వైపు విషయం: డెన్వర్ నుంచి పడమరకి వెళ్తుంటే గ్లెన్‌వుడ్ కేన్యన్‌లో కొలరాడో నది కుడి వైపు, గ్రాండ్ జంక్షన్ దాటాక రూబీ కేన్యన్‌లో ఎడమ వైపు. డానర్ సరస్సు కుడి వైపు కింద లోతులో కనిపిస్తుంది, ఆ తర్వాత కోల్‌ఫాక్స్ ముందు అమెరికన్ నది లోయ ఎడమ వైపు. అంటే ఏ ఒక్క వైపూ పూర్తి న్యాయం జరగదు, అందుకే లాంజ్.

పావని_కే:
నేను అత్తయ్యగారిని తీసుకెళ్ళాను, కొండల గురించి పైన చెప్పారు కాబట్టి నేను మెట్ల గురించి చెప్తాను. ఇవి డబుల్ డెక్కర్ పెట్టెలు. కోచ్‌లో ఎక్కువ సీట్లు పైన, టాయిలెట్లు కింద, మధ్యలో సన్నటి మెలికల మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రాత్రి రెండింటికి, ఊగుతున్న బండిలో ఆ మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. అత్తయ్యగారు మెట్లకి భయపడి సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేశారు, ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు పాడవుతుంది, ముందే అడగాల్సింది నేను.

కోచ్‌లో కూడా కింద కొన్ని సీట్లు ఉంటాయి, నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం, బుక్ చేసేటప్పుడే అడిగి తీసుకోవాలి. స్లీపర్‌లో రూమెట్లు అంటే ఇద్దరు పట్టే చిన్న గదులు, అవి కూడా ఒక పెట్టెలో పై అంతస్తులో పది, కింద నాలుగు. మీ అమ్మగారికి కింద రూమెట్ చూడండి, టాయిలెట్లూ షవరూ అదే అంతస్తులో ఉంటాయి. కానీ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వెళ్ళే దారి పై అంతస్తులోనే ఉంటుంది కాబట్టి డైనింగ్‌కి, లాంజ్‌కి పైకి ఎక్కక తప్పదు. పగలు రెండు మూడుసార్లు నెమ్మదిగా ఎక్కడం వేరు, రాత్రి నిద్రమత్తులో దిగడం వేరు. అసలు ఎక్కలేని పూట భోజనం గదికే తెచ్చిపెట్టమని అటెండెంట్‌ని అడగొచ్చు.

రూమెట్ చిన్నది, సుమారు మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. ఎదురెదురు రెండు సీట్లు రాత్రికి కలిసి కింది పరుపు అవుతాయి, పై బెర్త్ గోడలోంచి కిందికి దిగుతుంది. పై బెర్త్‌కి కిటికీ లేదు, లేచి కూర్చునేంత ఎత్తూ లేదు, పడిపోకుండా పట్టీలు కట్టుకోవాలి. మన అప్పర్ బెర్త్ అలవాటున్న వాళ్ళకి కూడా ఇరుగ్గానే ఉంటుంది. మీ నాన్నగారిని అక్కడికి ఎక్కించకండి.

కిటికీపక్క:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మెట్ల సంగతి నాకు అస్సలు తట్టలేదు, అమ్మ కూడా అచ్చం అంతే, ఇబ్బంది అనదు, నీళ్ళు మానేస్తుంది. డెన్వర్ నుంచి ఎక్కడం ఖాయం చేసుకున్నాను. ఇప్పుడు ముగ్గురికి ఎలా తీసుకోవాలి? రెండు రూమెట్లా, లేక వాళ్ళిద్దరికీ గది తీసుకుని నేను కోచ్‌లో కూర్చోనా?

సంచారి77:
నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మేం కోచ్‌లోనే వెళ్ళాం, బాగానే ఉంది. సీటు విమానంలో లాంటిది కాదు, వెడల్పు, బాగా వెనక్కి వాలుతుంది, పిక్కల కింద ఆనుకోవడానికి రెస్ట్ లేస్తుంది. రాత్రి పది తర్వాత లైట్లు తగ్గిస్తారు. చలి వేస్తుంది కాబట్టి దుప్పటి తీసుకెళ్ళాలి. ఒక్క రాత్రికి నాకు ఇబ్బంది అనిపించలేదు. కాకపోతే కోచ్ వాళ్ళకి షవర్ లేదు, రెండు రాత్రులైతే నేనూ గదే తీసుకునేవాణ్ణి.

మీ విషయంలో నా అనుమానం వేరు. పెద్దవాళ్ళకి 33 గంటలు నచ్చుతాయో లేదో తెలీకుండా అంత డబ్బు పెడుతున్నారు. డెన్వర్‌లో ఎక్కి గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌లో దిగిపోండి. ఆరు గంటల ప్రయాణం, మొత్తం పగలే, మోఫాట్ టన్నెల్, కేన్యన్ అన్నీ వచ్చేస్తాయి, కోచ్ చాలు. స్టేషన్ నుంచి నది దాటితే వేడినీటి కొలను, మోకాళ్ళ నొప్పులకి అంతకంటే ఏం కావాలి. రెండు రాత్రులుండి అదే రైల్లో వెనక్కి, సాయంత్రానికి డెన్వర్. డబ్బు, శ్రమ రెండూ సగం కూడా కావు.

ఒక్కటి మాత్రం, వెనక్కి వచ్చే ప్లాన్ చలికాలంలో పెట్టుకోకండి. నేను డిసెంబర్లో తూర్పుకి వచ్చాను, టన్నెల్ దాటేసరికే చీకటి పడింది, కొండ దిగేదంతా నల్లటి అద్దంలో నా మొహమే చూసుకుంటూ కూర్చున్నాను. జూన్ అయితే ఆ సమస్య లేదు.

రైలుబాట:
గ్లెన్‌వుడ్ ఐడియా మంచిదే, సమయం తక్కువున్న వాళ్ళకి నేనూ అదే చెప్తాను. కానీ ఆ పెద్దాయన ముప్పై రెండేళ్లు రైల్వేలో చేశారు కదా, ఆయనకి రాత్రి కూడా కావాలి. సాల్ట్ లేక్ సిటీ రాత్రి పదకొండు ప్రాంతంలో వస్తుంది, అక్కడ బండి కాసేపు ఆగితే ప్లాట్‌ఫామ్ మీద దిగి ఇంజన్ల దాకా నడిచి వస్తారాయన, చూడండి. పూర్తిగా వెళ్ళండి.

ముగ్గురికి అయితే డబ్బు లెక్క ఇలా ఉంటుంది. గది చార్జి మనిషికి కాదు, గదికి. టికెట్టు మాత్రం మనిషికి. అందుకే ఒక్కరే వెళ్తే రూమెట్ బరువు, ఇద్దరు పంచుకుంటే చాలా తేలిక. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు, పొద్దున టిఫిన్ గదిలో ఉన్న ఇద్దరికీ చార్జిలోనే వచ్చేస్తాయి, అది కూడా తీసేసి లెక్కేసుకోండి. 65 దాటినవాళ్ళకి మామూలు టికెట్టు మీద పది శాతం తగ్గుతుంది, గది చార్జి మీద తగ్గదు. రేట్లు సీట్లు నిండేకొద్దీ పెరుగుతాయి కాబట్టి ఆలస్యం చెయ్యకండి.

ఫ్యామిలీ బెడ్‌రూమ్ అని ఒకటుంది, అదీ చూడండి. కింది అంతస్తులో, పెట్టె మొత్తం వెడల్పునా ఉంటుంది, రెండు వైపులా కిటికీలు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లల కోసం చేసింది కాబట్టి చిన్న బెర్తులు మీకు పొట్టి అవుతాయి. పెట్టెకి ఒక్కటే ఉంటుంది, త్వరగా అయిపోతుంది. దొరకకపోతే రెండు రూమెట్లు, ఒకటి కింద అమ్మగారికి, ఇంకోటి కిందే దొరికితే సరే, లేకపోతే పైన మీకు. నాన్నగారు పగలంతా లాంజ్‌లోనే ఉంటారు, ఆయన గదిలో ఆగరు.

తిండి గురించి: డైనింగ్‌లో శాకాహారం ఉంటుంది కానీ మన నోటికి చప్పగా ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, పచ్చడి తీసుకెళ్ళండి, సీట్లోనో గదిలోనో నిరభ్యంతరంగా తినొచ్చు, డైనింగ్, లాంజ్ పెట్టెల్లో మాత్రం బయటి తిండి కుదరదు. వేడి చేసి పెట్టరు, ఫ్రిజ్‌లో పెట్టరు, కాబట్టి ఒక రోజు నిలవుండేవే.

పావని_కే:
ఇంకొక్కటి. పట్టాలు ఎక్కువగా గూడ్సు కంపెనీలవి, రైలు గంటలకొద్దీ లేటవడం మామూలే. ఎమరీవిల్ సాయంత్రం నాలుగు ప్రాంతం అని రాసి ఉంటుంది, ఆ రాత్రికి రిటర్న్ ఫ్లైట్ పెట్టుకుంటే దారంతా టెన్షన్ తప్ప డానర్ సరస్సు కనపడదు. మర్నాడు మధ్యాహ్నానికి పెట్టుకోండి. రైలు శాన్‌ఫ్రాన్సిస్కోలోకి వెళ్ళదు, ఎమరీవిల్ నుంచి బస్సు ఉంటుంది. మందులు, పాస్‌పోర్టులు చేతి సంచిలోనే ఉంచండి, లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి టికెట్లు ముందే సేవ్ చేసుకోండి.

కిటికీపక్క:
బుక్ చేశాను, జూన్ రెండో వారం. ఫ్యామిలీ బెడ్‌రూమ్ అప్పటికే పోయింది. కింద రెండు రూమెట్లు దొరికాయి, ఒకదానికొకటి ఎదురుగా. ఒకదాంట్లో అమ్మ, నేను పై బెర్త్ మీద. ఇంకోటి నాన్నకి, ఆయన కింది బెర్త్‌లో కిటికీ పక్కనే పడుకుంటారు. రిటర్న్ ఫ్లైట్ మర్నాడు సాయంత్రానికి. నిన్న ఫోన్లో నాన్నకి ఆ హాపర్ వ్యాగన్ల గురించి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వాటిని పట్టాలకి ఎలా బిగించారో కనుక్కో" అన్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

రైలుబాట:
ఆ వ్యాగన్లని వాటి కింది పట్టాలకి వెల్డింగ్ చేసేశారు, లోపల మట్టి నింపారు. డెన్వర్ వదిలాక మొదటి గంటలోపే వస్తాయి, ఎక్కగానే టిఫిన్‌కి వెళ్ళొద్దని చెప్పండి.