కన్సోల్ బ్రౌజర్‌లో ఓటీటీ 480పి దాటడం లేదు, యాప్ ఉంటేనే హెచ్‌డీ వస్తుందా?

సోఫా_బ్యాచ్
ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, 2018 మోడల్ 4కె స్మార్ట్ టీవీ, 40 ఎంబీపీఎస్ ఫైబర్. నాకు కావాల్సిన తెలుగు ఓటీటీకి ఎక్స్‌బాక్స్ స్టోర్‌లో యాప్ లేదు. అందులోని ఎడ్జ్ బ్రౌజర్‌లో సైట్ తెరిస్తే ఆడుతోంది గానీ 480పి దాటదు. అదే అకౌంట్‌తో ఫోన్ యాప్‌లో 1080పి వస్తోంది. టీవీ బ్రౌజర్‌లోనైతే తెల్ల స్క్రీన్ తప్ప ఏమీ లేదు. పీఎస్5 (ప్లేస్టేషన్ 5)కి మారితే ఏమైనా తేడా ఉంటుందా?

బిట్‌రేట్_బాబాయ్
ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. అదే ఎడ్జ్‌లో యూట్యూబ్ తెరిచి ఏదో ఒక వీడియోకి క్వాలిటీ 1080 పెట్టండి. సాఫీగా ఆడిందంటే నెట్టూ బాగుంది, ఎడ్జూ బాగుంది. ఇక మిగిలింది ఓటీటీ వేసిన డీఆర్‌ఎం, అంటే వీడియో కాపీ కొట్టకుండా వేసే తాళమే.

ప్లే నొక్కగానే ప్లేయర్ లైసెన్స్ సర్వర్‌ని తాళంచెవి అడుగుతుంది. అడిగిన పరికరం ఎంత భద్రమో చూసి, ఏ రిజల్యూషన్ దాకా తాళంచెవి ఇవ్వాలో సర్వర్ నిర్ణయిస్తుంది. ఆండ్రాయిడ్‌లో వాడే గూగుల్ డీఆర్‌ఎం పేరు వైడ్‌వైన్. అందులో ఎల్1 అంటే తాళం తీసే పని చిప్‌లోని భద్రమైన భాగంలో జరుగుతుంది. ఎల్3 అంటే అంతా సాఫ్ట్‌వేర్‌లోనే, కాబట్టి చాలా సర్వీసులు దానికి హెచ్‌డీ ఇవ్వవు. మైక్రోసాఫ్ట్ డీఆర్‌ఎం అయిన ప్లేరెడీలోనూ ఎస్‌ఎల్2000, ఎస్‌ఎల్3000 అని ఇలాంటి మెట్లే ఉన్నాయి. కన్సోల్ బ్రౌజర్‌ని ఎప్పుడూ పరీక్షించని సైట్ దాన్ని కింది మెట్టు మీదే కూర్చోబెడుతుంది. మీ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా దీనికి స్విచ్ దొరకదు.

పాత_ఇంజిన్
టీవీ తెల్ల స్క్రీన్ గొడవ వేరు. వెబ్‌ఓఎస్ (ఎల్‌జీ), టైజెన్ (శాంసంగ్) టీవీల్లో చాలా యాప్‌లు లోపల హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో కట్టిన వెబ్ పేజీలే. కాకపోతే యాప్ చేసేవాళ్లు ఆ టీవీలోని పాత బ్రౌజర్ ఇంజిన్‌కి అర్థమయ్యేలా కోడ్‌ని దించి ఇస్తారు, రిమోట్ బటన్లకి కలుపుతారు. మామూలు సైట్ నడిపేవాళ్లకి మీ టీవీ గుర్తే ఉండదు.

ఉదాహరణకి 2018 నాటి వెబ్‌ఓఎస్ 4లో ఉన్నది క్రోమియం 53, అంటే క్రోమ్ 53కి మూలమైన ఇంజిన్. జావాస్క్రిప్ట్‌లో కొత్త రాతలైన అసింక్ ఫంక్షన్లు క్రోమ్ 55లో, ఆప్షనల్ చెయినింగ్ (ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టే రాత) 80లో వచ్చాయి. ఆ చుక్క ఒక్కచోట తగిలినా పాత ఇంజిన్ సింటాక్స్ ఎర్రర్ అని ఆ స్క్రిప్ట్ ఫైల్ మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది. పేజీని గీసే కోడ్ అందులోనే ఉంటే తెలుపే మిగులుతుంది. క్యాష్ తుడిచినా, రౌటర్ ఆపి వేసినా దండగే. అదే టీవీ స్టోర్‌లో ఆ ఓటీటీ యాప్ ఉందేమో చూడండి, బ్రౌజర్ చేతులెత్తేసిన చోట యాప్ నడవొచ్చు.

రెండో_ప్లేయర్
దీనికోసమే అయితే పీఎస్5 వద్దు. అందులో బ్రౌజర్ ఐకానే లేదు. సెట్టింగ్స్‌లో యూజర్స్ గైడ్ తెరిస్తే వెబ్ పేజీ వస్తుంది గానీ అడ్రస్ బార్ ఉండదు. కన్సోల్ కంపెనీలకి బ్రౌజర్ అంటే భయం ఉండటంలో వింతేమీ లేదు, పీఎస్4 జైల్‌బ్రేక్‌లు (కంపెనీ వేసిన కట్టడి తెంచడం) చాలావరకు దాని బ్రౌజర్ ఇంజిన్ వెబ్‌కిట్‌లోని లోపాల గుండానే మొదలయ్యాయి. 2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్ కన్సోల్ అయితే వైఫై లాగిన్ పేజీలాంటి వాటికే బ్రౌజర్ తెరుస్తుంది. అందులోనూ, ఐఫోన్లలో 2016లోనే పూడ్చేసిన వెబ్‌కిట్ రంధ్రం అది వచ్చినప్పుడు అలాగే ఉండిపోయింది!

బిట్‌రేట్_బాబాయ్
టీవీ స్టోర్‌లోనూ యాప్ లేకపోతే టీవీ హెచ్‌డీఎంఐకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ కొనడమే చవక. ఆండ్రాయిడ్ బాక్స్ అయితే డీఆర్‌ఎం ఇన్ఫో యాప్ వేసి, వైడ్‌వైన్ కింద సెక్యూరిటీ లెవెల్ ఎల్1 అని ఉందో లేదో చూశాకే ఉంచుకోండి. డబ్బా మీద 4కె అని రాసి లోపల ఎల్3 ఉన్నవి బోలెడు. అమెజాన్ ఫైర్ టీవీ అయితే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేయండి. లేదంటే 24 ఫ్రేముల సినిమా 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు పడి, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా కుదుపు కనిపిస్తుంది.

లాప్‌టాప్ నుంచి క్రోమ్‌కాస్ట్‌కి పంపాలనుకుంటే ట్యాబ్ కాస్ట్ (బ్రౌజర్ ట్యాబ్‌ని ఉన్నదున్నట్టు టీవీకి పంపడం) జోలికి పోకండి. అది వీడియోని మీ లాప్‌టాప్‌లో మళ్లీ ఎన్‌కోడ్ చేసి పంపుతుంది, నత్తి కొడుతుంది. ప్లేయర్ లోపలే కాస్ట్ బొమ్మ ఉంటే అది నొక్కండి, అప్పుడు క్రోమ్‌కాస్టే నేరుగా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది.

సోఫా_బ్యాచ్
యూట్యూబ్‌లో 1080 శుభ్రంగా ఆడింది, అంటే తాళమే. టీవీ స్టోర్‌లో యాప్ లేదు. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొచ్చా?

పాత_ఇంజిన్
వద్దండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, స్టిక్ అడిగేది సాధారణంగా 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్. మెనూ దాకా బాగానే ఉండి, వీడియో మొదలవగానే రీస్టార్ట్ అవుతుంది. దాంతో వచ్చిన అడాప్టరే గోడకి పెట్టండి.