'ఐ సీ డెడ్ పీపుల్': చూస్తానా, కనిపిస్తారా?

సిక్స్త్ సెన్స్ (1999) అనే ఇంగ్లీషు సినిమాలో 'ఐ సీ డెడ్ పీపుల్' అన్న డైలాగుని ఒకరు తెలుగులో "నేను చనిపోయిన వ్యక్తులను చూస్తాను" అని రాశారు, వ్యాకరణం తప్పేం లేదు గానీ నాకైతే అది పిల్లాడి మాటలా లేదండీ. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, చివరి ముడి విప్పేస్తున్నా.

కోల్‌కి తొమ్మిదేళ్ళు, ఆ డైలాగు వాడిదే. ఆస్పత్రి మంచం మీద దుప్పటి కప్పుకుని, పిల్లల సైకాలజిస్టు మాల్కంకి గుసగుసగా చెప్తాడు. 'చూస్తాను' అంటే వాడే పనిగట్టుకుని చూస్తున్నట్టు ఉంటుంది, కానీ వాడి ఏడుపే అది కదా, వద్దన్నా వచ్చి నిలబడతారు. మనకి ఆకలేస్తుంది, భయమేస్తుంది, జ్వరమొస్తుంది, వీటన్నిట్లో మనిషి 'నేను' కాదు 'నాకు', ఎందుకంటే మన చేతిలో లేని సంగతులవి. మా అమ్మమ్మ ఆఖరి రోజుల్లో గుమ్మం వైపు తిరిగి "మా అమ్మ కనపడుతోందే, తడిచీరతో నుంచుంది" అనేది, ఒక్కసారి కూడా చూస్తున్నా అనలేదు.

అందుకని నా ఓటు "నాకు చచ్చిపోయినవాళ్ళు కనిపిస్తారు". 'వ్యక్తులు' పేపర్లో మాట, ఆ వయసు పిల్లల నోట రాదు.

— 'కనిపిస్తున్నారు' అంటే ఇంకా బాగుండదా అండీ?

అలా అంటే ఇప్పుడు, ఈ గదిలోనే అన్నట్టు అయిపోతుందండీ. ఎదురుగా కూర్చున్న మాల్కం కూడా పోయినవాడే కాబట్టి సగం గుట్టు అక్కడే బయటపడిపోతుంది. 'కనిపిస్తారు' అంటే ఇంగ్లీషులో లాగే ఎప్పుడో ఏమిటో తేలదు, కాసేపటికి ఆయన ఎప్పుడెప్పుడు అని అడిగితే వీడు "ఎప్పుడూ" అంటాడు, సరిగ్గా అతుకుతుంది.

— మా దిక్కు "నాకు సచ్చిపోయినోళ్ళు కనవడ్తరు" అంటరన్నా.

చాలా బాగుంది తమ్ముడూ, చెవికి ఇంకా దగ్గరగా ఉంది, పైగా అందులోనూ 'నాకు'నే చూడు.

ఇంకో ముక్క. ఆ మాటల మధ్యలోనే వాడు వాళ్ళ గురించి చెప్పేది, చచ్చిపోయినట్టు వాళ్ళకే తెలీదు, చూడాలనుకున్నదే చూస్తారు అని. ఇక్కడ మాత్రం 'చూస్తారు' ఉండి తీరాలి. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకటే 'సీ', మనకి మాత్రం పిల్లాడికి కనిపించడం వేరు, ఆ పోయినవాళ్ళు చూడటం వేరు. మాల్కం చేసిందీ అదే, పెళ్ళిరోజు రాత్రి హోటల్లో భార్య ఎదురుగా కూర్చుని ఎంత మాట్లాడినా ఆవిడ బదులివ్వకపోతే అలిగిందనుకున్నాడు.