ఓటు అడగని కోటీశ్వరుడికి సర్కారు కుర్చీ ఇవ్వొచ్చా?

ఉక్కు రిటైర్డ్, కూర్మన్నపాలెం

మొన్న సాయంత్రం మా వాకింగ్ బ్యాచ్‌లో దీని మీద గట్టి వాదనే అయింది. ఇంటికొచ్చినా మనసు ఊరుకోక ఇక్కడ పెడుతున్నాను. అమెరికాలో ఎలాన్ మస్క్ 2024 ఎన్నికల్లో ట్రంప్ వైపు 25 కోట్ల డాలర్ల పైనే ఖర్చుపెట్టాడు. 2025 జనవరిలో ట్రంప్ గద్దెనెక్కగానే 'డోజ్' అని పెట్టి, ప్రభుత్వ ఖర్చుల కోతకి ఆయన్ని ముందు నిలబెట్టారు. ఏడాదికి 130 రోజులు మించకుండా పనిచేసే ప్రత్యేక ఉద్యోగి హోదా. ఒకపక్క ఆయన స్పేస్‌ఎక్స్‌కి నాసా కాంట్రాక్టులు నడుస్తూనే ఉన్నాయి, ఇంకోపక్క వేలాదిమంది ఉద్యోగాలు ఊడాయి. మే నెలాఖరుకి ఆయన వెళ్లిపోయాడు. ఊడిన ఉద్యోగాలకి ఇప్పుడు ఎవరి చొక్కా పట్టుకోవాలి?

నాకు డబ్బున్నవాళ్ల మీద కోపం లేదు. ముప్పయ్యేళ్లు కోక్ ఓవెన్స్ వేడిలో పనిచేసినవాణ్ని. 2021 జనవరిలో మా విశాఖ స్టీల్‌ప్లాంటు అమ్మకానికి ఢిల్లీలో నిర్ణయమైపోతే ఎవర్ని నిలదియ్యాలో మాకు తెలుసు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో టెంటు వేసి కూర్చున్నాం. ఎండకి షామియానా చిరిగితే మళ్లీ కుట్టించి కట్టాం. పార్టీలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ టెంటుకి రావాల్సొచ్చింది, మా ఓటు కావాలి గనక. ఓటుతో పనిలేనివాడు అటు చూస్తాడా? ఓడించడానికి వీల్లేని మనిషి చేతిలో అధికారం పెట్టొచ్చా, నా ప్రశ్న అదొక్కటే.

మధురవాడ ఐటీ

గురువుగారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఎన్నికైనవాళ్లేమైనా పేదవాళ్లా? అఫిడవిట్లు తిరగేస్తే అన్నీ కోట్లే. అలాంటప్పుడు పని తెలిసినవాణ్ని తేవడమే నయం కదా. నందన్ నీలేకని 2009లో ఇన్ఫోసిస్ వదులుకుని ఆధార్ సంస్థకి ఛైర్మన్‌గా వచ్చాడు, క్యాబినెట్ హోదాతో. ఆయనకి ఎవరూ ఓటెయ్యలేదు. ఇవాళ మా అమ్మమ్మ వేలిముద్ర వేసి రేషన్ తెచ్చుకుంటోంది.

మన రాష్ట్రంలోనూ 2024లో, రాష్ట్రాభివృద్ధికి దారి చెప్పే స్వర్ణాంధ్ర టాస్క్‌ఫోర్స్‌కి టాటా సన్స్ చంద్రశేఖరన్ గారిని కో-ఛైర్మన్‌గా పెట్టారు. ఆయన సలహా ఇస్తారు, ఫైలు మీద సంతకం పెట్టరు. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద టాటాల ఐటీ కంపెనీ టీసీఎస్‌కి 21.16 ఎకరాలు ఇవ్వడానికి మంత్రివర్గం ఒప్పుకుంది. ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ కదిలే టైముకి ప్లాట్‌ఫారం మీదకెళ్లి చూడండి. ఆవకాయ సీసాలు, లాప్‌టాప్ బ్యాగులు, కళ్లు తుడుచుకునే అమ్మలు. నాతో చదివినవాళ్లు సగంమంది అలా హైదరాబాద్ వెళ్లినవాళ్లే. వాళ్లలో కొందరైనా ఇంటికొస్తారని నా ఆశ.

ద్వారకానగర్ ఆడిటర్

తమ్ముడూ, ఆ భూమి ధర రాయలేదు నువ్వు. 99 పైసలు. ఇవ్వడం తప్పని నేననను, ఉద్యోగాలు నిజంగా వస్తే ఊరికి లాభమే. కానీ సర్కారుకి సలహా చెప్పే టాస్క్‌ఫోర్స్‌లో కో-ఛైర్మనూ, భూమి పుచ్చుకునే కంపెనీ ఛైర్మనూ ఒకరే. లోపాయికారీ వ్యవహారం జరిగిందని నేను అనడం లేదు, అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

నా వృత్తి సంగతి చెబుతాను. నా పేరున ఒక్క షేరున్నా ఆ కంపెనీ లెక్కలు నేను ఆడిట్ చెయ్యకూడదు. నేనెంత నిజాయితీపరుణ్నో ఎవరూ అడగరు, తప్పుకోవాలంతే. షేర్‌హోల్డర్ల డబ్బుకి చట్టం ఇంత కాపలా పెట్టింది. జనం భూమికి ఆపాటి కాపలా వద్దా?

ఆధార్ సంగతంటావా, 2009లో మొదలైతే చట్టం వచ్చింది 2016లో. అన్నేళ్లూ పార్లమెంటు చట్టం లేకుండానే మన వేలిముద్రలు తీసుకున్నారు.

ఆరిలోవ గృహిణి

మన ఊళ్లోనే జరిగింది మర్చిపోతున్నారు. 2012 నుంచి 2021 దాకా మన విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి ఎన్నికల్లేవు, తొమ్మిదేళ్లు స్పెషలాఫీసర్ల పాలన. వాళ్లు కోటీశ్వరులు కారు, ఐఏఎస్ చదివినవాళ్లు. అయినా మాకు మనిషి కనబడేవాడు కాదు. గట్టి వానొస్తే మా వీధిలో నీళ్లు గడప దాటేవి. మా అత్తగారి మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని, ఎవరింటి తలుపు కొట్టాలో తెలీక కూర్చునేవాళ్లం. 2021లో కార్పొరేటర్ వచ్చాక వానకాలంలో ఓ రోజు పొద్దున్నే ఆరింటికి పదకొండుమంది ఆడవాళ్లం ఆయన గేటు ముందు నిలబడ్డాం. నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు. లుంగీ ఎగ్గట్టి మా వెంట నడిచాడు. కాలువ పని సగమే అయిందనుకోండి, కానీ మిగతా సగానికి ఎవర్ని అడగాలో మాకు తెలుసు.

మధురవాడ ఐటీ

అక్కా, కండువాలు మార్చింది కూడా కార్పొరేటర్లే కదా! 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం పెట్టి మేయర్‌ని దించేశారు. జనం ఓటేసిన గుర్తు ఒకటి, వాళ్లు చేరిన గూడు ఇంకోటి. ఇదేనా మీరంటున్న జవాబుదారీతనం?

ఉక్కు రిటైర్డ్, కూర్మన్నపాలెం

నువ్వన్నది నిజం బాబూ, నాకూ మండింది. కానీ ఆ మారినవాడు మళ్లీ మా వీధికి దండం పెట్టుకుంటూ రావాల్సిందే, ఆ రోజు మా చేతిలో ఉంది. 2014లో నారాయణ విద్యాసంస్థల నారాయణ గారు ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే మంత్రయ్యారు, వ్యాపారవేత్తే. రాజ్యాంగం ఆర్నెల్ల గడువిస్తుంది, ఎమ్మెల్సీ అయ్యారు. 2019లో నెల్లూరు సిటీలో నిలబడితే జనం ఓడించారు. 2024లో అక్కడే గెలిచి మళ్లీ మంత్రయ్యారు. నీలేకని కూడా 2014లో బెంగళూరు సౌత్‌లో పోటీచేసి ఓడిపోయాడు. ఇలా జనం ముందుకొచ్చి నిలబడితే ఎంత ఆస్తి ఉన్నా నాకు పేచీ లేదు.

'సలహా మాత్రమే' అన్నమాట దగ్గరే నాకు భయం. మస్క్ డోజ్ అధిపతి కాడు, సలహాదారేనని వైట్‌హౌస్ కోర్టులో చెప్పింది. జనమేమో అదంతా ఆయన రాజ్యమే అనుకున్నారు.

మధురవాడ ఐటీ

నిపుణులు కావాలనే మాట మీదే నేనున్నాను. ఆడిటర్ గారు చెప్పిన రూలు పెట్టండి, తన కంపెనీ సంగతి వచ్చినప్పుడు తప్పుకోమనండి. అది చాలు.

ఉక్కు రిటైర్డ్, కూర్మన్నపాలెం

నాకు చాలదు. ఎప్పుడు తప్పుకున్నాడో, ఏం సలహా చెప్పాడో కాగితం మీద కనబడాలి. అందుకే సమాచార హక్కు కింద దరఖాస్తు రాస్తున్నాను: టాస్క్‌ఫోర్స్ మీటింగుల మినిట్స్, సభ్యులు తమ వ్యాపార ప్రయోజనాలు రాసిచ్చి ఉంటే వాటి నకళ్లు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు కొనుంచాను. ఆడిటర్ గారూ, రెండో పేరా ఒకసారి చూసిపెట్టండి. మధురవాడ బాబూ, నీకు ఇష్టమైతే నీ ప్రశ్న కూడా రాసి పంపు, ఎన్ని ఉద్యోగాలు, ఏ తారీఖు లోపల అని. అది కూడా కలిపి సోమవారం పోస్టు చేస్తాను.