అమ్మకు అమెరికా ఆసుపత్రిలో నేనే తర్జుమా చేయాలా, ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టించుకోవాలా?

కరీంనగర్_బిడ్డ:
అమ్మ డాలస్‌లో మా ఇంటికి వచ్చి నెల దాటింది. మెట్లెక్కితే ఆయాసం అంటోంది. వచ్చే వారం గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్. ఆసుపత్రి వాళ్లు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగారు. అమ్మేమో “ఎవరో ఫోన్ల మాట్లాడుడేంది, నువ్వు లేవా?” అంటోంది. నాకు ఇంగ్లిష్‌తో ఇబ్బంది లేదు. పైగా అమ్మ మాట అవతల ఆంధ్రా వాళ్లుంటే అర్థమవుతుందా అని టెన్షన్. డబ్బులేమైనా తీసుకుంటారా?

ఫోన్_దుబాసీ:
నేను చేసేది ఈ పనే. పెట్టించుకోండి. డబ్బులు పేషెంటును అడగకూడదు. మెడికేర్, మెడికెయిడ్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు) నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇవ్వాలని 2010 నాటి ఆరోగ్య చట్టం 1557వ సెక్షన్ కింద నిబంధనలున్నాయి. మీ అమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చినా అంతే.

కొడుకు పక్కనుంటే అమ్మలు సగమే చెబుతారండీ. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే మనవాళ్ల జవాబు “పర్లేదమ్మా”. కొడుకైతే తనే లెక్కేసి “రెండు” అనేస్తాడు. మేం ఆ “పర్లేదు”నే డాక్టరుకు వినిపిస్తాం. ఆయన మళ్లీ గుచ్చి అడుగుతారు. అప్పుడు బయటికొస్తుంది, “రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, రెండు దిళ్లు పెట్టుకుంటా” అని. గుండె డాక్టరుకు కావాల్సింది ఆ దిళ్ల సంగతే.

అమ్మగారికి ఒకటి ముందే చెప్పి ఉంచండి. డాక్టర్ “నేను ఈసీజీ తీయిస్తాను” అంటే మేమూ “నేను తీయిస్తాను” అనే అంటాం. పెద్దవాళ్లు మేమే డాక్టరనుకుని “ఏ ఊరు తల్లీ మీది?” అని మొదలుపెడతారు. అదీ ఇంగ్లిష్‌లో చెప్పాల్సిందే. గదిలో మీరిద్దరూ గుసగుసలాడుకున్నవి మా చెవిన పడితే అవి కూడా!

మాది తెనాలి. అయినా “దూపైతుంది” (దాహమేస్తోంది), “సోయి తప్పింది” (స్పృహ తప్పింది) లాంటి తెలంగాణ మాటలు రోజూ వింటాను. కొత్త మాట తగిలితే ఆపి అడుగుతాం, ఊహించి చెప్పకూడదు. అయితే ఇక్కడ స్పానిష్‌కు ఉన్నట్టు తెలుగుకు ప్రత్యేకంగా మౌఖిక పరీక్ష పెట్టే బోర్డు లేదు, కాబట్టి అందరూ ఒకే స్థాయిలో ఉండరు. కుదరకపోతే వేరే మనిషిని ఇమ్మనండి, మొహమాటం వద్దు.

బే_ఏరియా_సుబ్బు:
మా నాన్నకు వెళ్లిన రోజున అడిగితే లైన్‌లో తెలుగు వాళ్లు దొరికేసరికి డాక్టర్ టైమ్ అయిపోవచ్చింది. ఇప్పుడే ఫోన్ చేసి బుక్ చేయించండి. ఉంటే వీడియో అడగండి, ముఖం కనిపిస్తే పెద్దవాళ్లు కాస్త కుదురుగా మాట్లాడతారు.

మందుల_కొట్టు:
మనుషుల సంగతి సరే, మందుల పేర్లు కూడా మారతాయి. డోలో అంటే అక్కడ ఎవరికీ తెలియదు. పారాసిటమాల్ అన్నా కొందరు తడబడతారు, వాళ్లకది అసిటమినోఫెన్. ఆయాసానికి వాడే ఆస్తాలిన్‌లో ఉండే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. షుగరుకు వాడే గ్లైబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్ అవుతుంది. మెట్‌ఫార్మిన్ మాత్రం రెండు చోట్లా మెట్‌ఫార్మినే. స్ట్రిప్పులు పారేయకుండా పట్టుకెళ్లండి, బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేదే చూపించండి. ఇంకో మాట, మన రిపోర్టుల్లో 05/08 అంటే ఆగస్టు 5. వాళ్లు మే 8 అని చదువుతారు. నెల పేరు పక్కన పెన్నుతో రాసిపెట్టండి.

కరీంనగర్_బిడ్డ:
వీడియో బుక్ చేశాను. అమ్మను దిళ్ల గురించి అడిగితే “నీకెవలు చెప్పిన్రు?” అంది! ఊరి నుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం గోలీలు కూడా వేసుకుంటోందట, డబ్బా మీద హిందీ తప్ప ఏమీ లేదు. అవి కూడా చెప్పాలా?

మందుల_కొట్టు:
తప్పకుండా చెప్పాలి. డబ్బానే తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, రోజుకెన్ని వేసుకుంటున్నారో అమ్మగారినే చెప్పనివ్వండి.