రీఫ్ తొట్టెలో రాళ్లను కమ్మేస్తున్న నాచు: పరీక్షలో ఫాస్ఫేట్ సున్నా, అయినా ఎందుకు పెరుగుతోంది?

నీటిగవ్వ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నా 200 లీటర్ల రీఫ్ (పగడాలు పెంచే ఉప్పునీటి) అక్వేరియంలో పట్టిన నాచు విషయమై అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. ఎండు రాళ్లతో ప్రారంభించిన ఈ తొట్టెకు ఏడాది దాటింది. రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక రాయల్ గ్రామా, ఒక గోబీ, శుభ్రపరిచే రొయ్య ఒకటి ఉన్నాయి. పగడాల్లో జోవాంథిడ్‌లు, మష్రూమ్‌లు, ఒక హామర్ ఉన్నాయి. లవణీయత 35 పీపీటీ, ఉష్ణోగ్రత 25.5 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.5 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉంటున్నాయి. లవణాలు తీసేసి శుద్ధిచేసిన ఆర్వో-డీఐ నీరే వాడుతున్నాను, నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తుంది.

రాళ్ల పైభాగమంతా ముదురాకుపచ్చ రంగులో వెంట్రుకల్లాంటి నాచు పట్టింది. వేలి పొడవు పెరిగిన పోగులు జోవాంథిడ్‌ల మధ్యకు పాకి, అవి విచ్చుకోకుండా చేస్తున్నాయి. దీనికి తోడు ఈమధ్య ఇసుక మీద, వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) మీద గోధుమ రంగు జిగురు పొర కనిపిస్తోంది. మధ్యాహ్నానికి దానిపై గాలి బుడగలు నిలుస్తాయి, తెల్లవారేసరికి చాలావరకు మాయమవుతుంది.

నాకు అంతుపట్టని విషయం ఏమిటంటే, ఫాస్ఫేట్ పరీక్షలో సున్నా వస్తోంది, నైట్రేట్ కూడా దాదాపు అంతే. ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచే జీఎఫ్‌ఓ గుళికలు రియాక్టర్‌లో తిరుగుతూనే ఉన్నాయి. పోషకాలే లేనప్పుడు నాచు దేనితో పెరుగుతోంది? జీఎఫ్‌ఓ మోతాదు పెంచాలా, మూడు రోజులు లైట్లు ఆర్పేయాలా, లేక ఫ్లుకోనజోల్ వంటి మందు వాడాలా?

పగడపుదిబ్బ

నీటిగవ్వ గారూ, మీ కిట్ తప్పు చెప్పడం లేదు. అయితే అది చెప్పేది నీటిలో మిగిలిన ఫాస్ఫేట్ గురించే. మేత ద్వారా రోజూ తొట్టెలోకి ఎంత వస్తోంది, అందులో నాచు ఎంత లాగేసుకుంటోంది అన్నవి ఆ అంకెలో కనబడవు. నాచు దట్టంగా ఉన్న తొట్టెలో ఫాస్ఫేట్ నీటిలో కలిసిన కొద్దిసేపటికే పోగుల్లోకి చేరుతుంది. కిట్‌కు చిక్కేది పంక్తి లేచాక విస్తట్లో మిగిలిన మెతుకులు మాత్రమే.

పైగా నాచుకు పోషకాలు మనం అనుకునేంత అక్కర్లేదు. సముద్రపు ప్లవకాల్లో (నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల్లో) కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ పరమాణువులు సుమారుగా 106:16:1 నిష్పత్తిలో ఉంటాయన్నది రెడ్‌ఫీల్డ్ పేరుతో అందరికీ తెలిసిన లెక్క. రాయిని, నేలను పట్టుకుని పెరిగే సముద్రపు నాచులకు, మొక్కలకు ఆ నిష్పత్తి దాదాపు 550:30:1 అని 1983లో అట్కిన్‌సన్, స్మిత్ తేల్చారు. అంటే అంతే ఫాస్ఫరస్‌తో రాతినాచు ప్లవకం కంటే ఐదింతల కర్బనాన్ని పోగుచేసుకుంటుంది. ఫాస్ఫేట్‌ను మాడ్చి దీన్ని చంపాలని చూస్తే, ముందు నీరసించేవి పగడాలే. వాటి కణజాలంలో ఉండి ఆహారం అందించే జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచుకు కూడా ఫాస్ఫేట్ కావాలి కదా.

సముద్రంలోని పగడపు దిబ్బల మీద నాచును అదుపులో ఉంచడంలో పెద్దపాత్ర మేసే జీవులది. 1983-84లో కరీబియన్ సముద్రంలో డయడెమా అనే పొడవాటి ముళ్ల సీ అర్చిన్‌లు ఒక వ్యాధితో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మేసే చేపలు వేట వల్ల అప్పటికే తగ్గిపోయిన జమైకాలో, 1970ల చివర సగానికి పైగా ఉన్న పగడాల విస్తీర్ణం 1990ల ఆరంభానికి 5 శాతంలోపుకు పడిపోయి, ఆ చోటంతా నాచు ఆక్రమించింది. 1980 నాటి అలెన్ తుపాను దెబ్బ కూడా అందులో ఉంది. కానీ ఆ దెబ్బ నుంచి పగడాలను కోలుకోనివ్వనిది నాచే. మీ తొట్టెలోని జీవుల జాబితాలో నాచు మేసేది ఒక్కటీ లేదు. నా దృష్టికి ముందు వచ్చింది అదే.

అయితే వేలి పొడవు పోగులను నత్తలు చక్కబెట్టలేవు. వాటి నాలుక గీకేది రాతిని అంటుకున్న పొట్టి మొలకలను. అందువల్ల మొదటి పని మీ చేతులదే. పంపులు ఆపి, సన్నని గొట్టంతో సైఫన్ నడుపుతూ, గొట్టం మూతి పక్కనే పోగులను వేళ్లకు చుట్టి మొదలంటా పీకండి. తెగిన ముక్కలు నీటిలో తేలకుండా గొట్టంలోకే వెళ్లాలి. ఆ నీటిని సంప్‌లో (కింది ఫిల్టర్ తొట్టెలో) సన్నని ఫిల్టర్ సంచి గుండా పోనిస్తే నీరు వృథా కాదు. ఇలా తీసిన ప్రతి పిడికెడు నాచుతో పాటు దానిలో దాగిన నైట్రోజన్, ఫాస్ఫరస్ కూడా తొట్టె దాటిపోతాయి. అదే నాచు చీకటి వల్లో మందు వల్లో లోపలే చస్తే, అవన్నీ తిరిగి నీటిలోకే వస్తాయి.

రాయి పొట్టిగా కోసిన గడ్డిలా మారాక ట్రోకస్ నత్తలు కొన్ని, టక్సెడో అర్చిన్ ఒకటి వదలండి. వెల్లకిలా పడితే ట్రోకస్ తనంతట తాను తిరగబడగలదు. ఆస్ట్రియా నత్త సాధారణంగా అలా చేయలేక ఇసుకలోనే ప్రాణం వదులుతుంది. అర్చిన్ వదులుగా ఉన్న పగడపు ముక్కలను నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది కనుక వాటిని జిగురుతో గట్టిగా అతికించాలి. టాంగ్ చేపలు నాచును బాగా మేస్తాయని ఎవరైనా చెబితే అది నిజమే కానీ, 200 లీటర్ల తొట్టెలో వాటిని ఉంచడం న్యాయం కాదు.

ఉప్పుటేరు

పైన చెప్పినదానికి రాళ్ల సంగతి చేరుస్తాను. ఎండు రాయి కాల్షియం కార్బొనేట్. అది నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు తనలోకి పట్టుకుని, నీటిలో తగ్గినప్పుడు మెల్లగా వదులుతుంది. నాచు పునాది ఆ రాతి ఉపరితలం మీదే ఉంటుంది కనుక, ఫాస్ఫేట్ కిట్‌దాకా రాకముందే దానికి అందే అవకాశం ఉంది. నీళ్లు మార్చినప్పుడు నైట్రేట్ లెక్క ప్రకారం తగ్గి, ఫాస్ఫేట్ మాత్రం మళ్లీ పాత అంకెకు చేరుకోవడానికి కారణం కూడా ఇదే.

ఇంకొక మాట. రంగు పోల్చి చూసే కిట్లలో సున్నాకూ 0.05 పీపీఎంకూ (పది లక్షల్లో భాగాలు) తేడా కంటికి ఆనదు. తక్కువ స్థాయి ఫాస్ఫరస్‌ను పీపీబీల్లో (వంద కోట్లలో భాగాలు) చూపే మీటరు వాడితే మేలు. ఆ అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. ఉదాహరణకు 20 పీపీబీ అంటే దాదాపు 0.06 పీపీఎం.

సూక్ష్మదర్శి

వెంట్రుకల నాచు కంటే ఆ గోధుమ రంగు పొర నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మధ్యాహ్నం బుడగలు, రాత్రి మాయం కావడం, దాదాపు సున్నా పోషకాలు, మొదట్లో జీవం లేని ఎండు రాళ్లు: ఇవన్నీ కలిస్తే డైనోఫ్లాజెల్లేట్లను (డైనోలు అని పిలిచే ఏకకణ జీవులను) అనుమానించాలి. అదే నిజమైతే జీఎఫ్‌ఓ పెంచడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం అవుతుంది. వాటితో పోటీపడే బ్యాక్టీరియా, డయాటమ్‌లు (సిలికా పెంకు గల ఏకకణ నాచులు), మామూలు నాచులు పోషకాలు లేక వెనకబడినప్పుడే అవి ఖాళీ చోటును ఆక్రమిస్తాయి.

ముందు నిర్ధారణ చేసుకోండి. ఆ జిగురును కొంచెం నీటితో సహా సీసాలోకి పీల్చి, గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టండి. దిగిన నీటిని లైటు కింద ఒక గంట కదపకుండా ఉంచండి. విడిపోయిన కణాలు మళ్లీ తీగలుగా కూడుకుంటే అవి చాలావరకు డైనోలే. జిగురు పొర కట్టే మరో జీవి అయిన సయనోబాక్టీరియా పొర అయితే ఇలా తిరిగి కూడదు. అయినా సూక్ష్మదర్శినిలో 400 రెట్ల వద్ద చూస్తేనే జాతి తెలుస్తుంది, చికిత్స జాతిని బట్టి మారుతుంది. ఆస్ట్రియాప్సిస్ అనే డైనో రాత్రిపూట నీటిలోకి లేస్తుంది కనుక, నీటిలోని కణాలను చంపే యూవీ దీపానికి చిక్కుతుంది. ఆంఫిడినియం అనే మరో డైనోలో ఎక్కువ భాగం ఇసుకను వదలదు, దానిపై యూవీ పెద్దగా పనిచేయదు. అప్పుడు సిలికేట్ అందించి డయాటమ్‌లను పోటీకి పెంచడం వంటి దారి వెతకాలి.

ఈలోగా జీఎఫ్‌ఓ ఆపేయండి, నీళ్లు మార్చడం కూడా కొంతకాలం వాయిదా వేయండి.

నీటిగవ్వ

అందరికీ కృతజ్ఞతలు. వడగట్టిన నీటిలో గంట గడవకముందే సన్నని గోధుమ రంగు తీగలు ఏర్పడ్డాయి. తెలిసినవారి సూక్ష్మదర్శినిలో చూస్తే, నువ్వుగింజ ఆకారంలో ఒక కొస సన్నగా ఉన్న కణాలు, ఆ కొస దగ్గర కట్టేసినట్టుగా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నాయి. పచ్చటి నాచును కూడా చూశాను. పోగులు ఈకల్లా చీలలేదు, తిన్నగానే ఉన్నాయి. జోవాంథిడ్‌లు ఉన్న రాయిని బయటకు తీసి బ్రష్‌తో రుద్దవచ్చా? నత్తలను ఇప్పుడే తేవచ్చా?

సూక్ష్మదర్శి

మీరు వర్ణించిన ఆకారం, కదలిక ఆస్ట్రియాప్సిస్‌వే. ఇది నయం చేయదగ్గ రకమే. యూవీ దీపానికి నీరు సంప్ నుంచి కాకుండా నేరుగా పై తొట్టె నుంచి వెళ్లి, తిరిగి పై తొట్టెలోకే రావాలి. రాత్రి లేచిన కణాలు దీపం ముందుకు చేరడానికి అదే మార్గం. ప్రవాహం నెమ్మదిగా ఉంచండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్యకు తీసుకురండి. ముందు మేత కొద్దిగా పెంచి చూసి, చాలకపోతే సోడియం నైట్రేట్, మోనోసోడియం ఫాస్ఫేట్ ద్రావణాలను కొంచెం కొంచెంగా వేయండి. వేసిన ఫాస్ఫేట్ మొదట్లో మరునాటికి కనిపించకపోవచ్చు. ఉప్పుటేరు గారు చెప్పినట్టు రాళ్లు దాన్ని పట్టుకుంటాయి. అందుకని కంగారుపడి మోతాదు రెట్టింపు చేయకుండా, రోజూ పరీక్షించి చూసుకోండి. యూవీ నడుస్తుండగా మూడు రోజులు లైట్లు ఆర్పడం ఈ జాతి విషయంలో ఉపయోగపడుతుంది. మందు జోలికి వెళ్లవద్దు. ఫ్లుకోనజోల్ ఈకల ఆకారపు బ్రయాప్సిస్ నాచు మీద బాగా పనిచేస్తుంది కానీ, మీది అది కాదు. పైగా డైనోలతో పోటీపడుతున్న నాచును ఈ సమయంలో ఒక్కసారిగా చంపడం మంచిది కాదు.

ఇదే కారణంగా పచ్చటి నాచును కూడా ఒక్క రోజులో మొత్తం పీకవద్దు. జోవాంథిడ్‌లను నొక్కుతున్న చోట మాత్రం ఇప్పుడే తొలగించండి. రాయిని తొట్టె నీరే పోసిన బకెట్‌లో పెట్టి, నీటి అడుగునే రుద్దండి. కొన్ని జోవాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వేడినీళ్లు పోయడం, రాయిని మరిగించడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఆ ఆవిరిని పీల్చినవారు ఆస్పత్రి పాలైన ఉదంతాలు ఉన్నాయి.

నత్తల విషయంలో పగడపుదిబ్బ గారి సలహా సరైనదే కానీ, ఇది దానికి సమయం కాదు. ఆస్ట్రియాప్సిస్ కూడా పాలిటాక్సిన్ తరహా విషాలను తయారుచేస్తుంది, దాన్ని మేసిన నత్తలు కదలిక తగ్గి చచ్చిపోతుంటాయి. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, దాన్ని తరచుగా మారుస్తూ ఉండండి. ఇసుక మీద మధ్యాహ్నం కూడా బుడగలు కనిపించకుండా కొన్ని వారాలు గడిచాక, ఒక్క ట్రోకస్‌ను మాత్రం వదలండి. అది గాజు ఎక్కి, వెనుక శుభ్రమైన బాట వదులుతూ తిరుగుతుంటే మిగిలిన నత్తలను, అర్చిన్‌ను తెచ్చుకోవచ్చు.