అండమాన్ అడవిలో దొరికిన గ్రౌండ్ బీటిల్: ఫొటో చూసి జాతి పేరు పెట్టొచ్చా?

ఉప్పల్_టార్చిలైటు:
దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్లొచ్చాం. చిడియా టాపు దగ్గర పొద్దుగూకే వేళ పక్షుల కోసం ఆగితే, దారి పక్కన కూలిన చెట్టు మొద్దు మీద ఆకుపచ్చా నీలం కలిసి మెరిసే పెంకుపురుగు ఒకటి కనబడింది. ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. కళ్లు పెద్దవి. పరుగు గురించి చెప్పక్కర్లేదు, నేను ఫోకస్ పెట్టేలోపు బెరడు కిందికి దూరిపోయేది. పదిహేను ఫొటోలు తీస్తే ఒక్కటి బాగా వచ్చింది, పైనుంచి తీసినది. జీవుల ఫొటో పెడితే పేరు సూచించి రికార్డుగా దాచే యాప్‌లో పెడితే ‘కెటాస్కోపస్ ఫేషియాలిస్’ అంది. అదే పేరుతో రికార్డు పెట్టాను. మా వాకింగ్ గ్రూపులో ఒకాయన ‘కెటాస్కోపస్ అని ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకే ఉంచు, జాతి పేరు తీసెయ్’ అన్నారు. ఇంత స్పష్టమైన ఫొటో ఉన్నా ఎందుకు తీసెయ్యాలి? మీరేమంటారు?

గోల్కొండ_గబ్బిలం:
తీసెయ్యకు అన్నా. మన వికారాబాద్ వైపు పొదల్లో ఆరు తెల్లచుక్కల పెద్ద నల్ల గ్రౌండ్ బీటిల్ ఉంటుంది కదా, ఆంథియా సెక్స్‌గట్టాటా. దాన్ని ఫొటోలో చూసి చిన్న పిల్లాడు కూడా చెప్తాడు. ఎవరైనా కోసి చూస్తున్నారా? దానికి ఒక రూలు, అండమాన్ పురుగుకి ఇంకో రూలు ఎందుకు?

పాతనోట్సు:
గబ్బిలం గారూ, మీ ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. అవే పొదల్లో నల్లటి ఒంటి మీద ఏడు తెల్లమచ్చలున్న బొద్దింక ఉంది, థేరియా అంటారు. తొలకరి తర్వాత బయటికొస్తుంది. దాని ఫొటో పెట్టి ఆంథియా అని రాసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో జువాలజీ చదివినవాళ్లూ ఉన్నారు. ఆంథియా ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కంట్లో పడితే చుక్కలు కనిపిస్తాయి. ఆ భయాన్ని బొద్దింక అరువు తెచ్చుకుందని చెబుతారు.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. ఆంథియాకి మంచి ఫొటో చాలు. ఆ సైజులో, ఆ చుక్కలతో ఇంకో గ్రౌండ్ బీటిల్ ముప్పై ఏళ్లలో మన చుట్టుపక్కల నాకు తగల్లేదు. దీవుల్లో అడవుల సంగతి అలా కాదు. హవాయిలోని మౌయి దీవిలో హలేయకలా అని ఒక అగ్నిపర్వతం ఉంది. ఆ ఒక్క కొండకే పరిమితమైన మెసిక్లోథొరాక్స్ ప్రజాతి గ్రౌండ్ బీటిళ్లు 116 జాతులని 2015లో లీబ్‌హెర్ అనే కీటక శాస్త్రవేత్త లెక్క తేల్చారు. వాటిలో 74 అప్పటిదాకా పేరే లేనివి. ఒకే కొండ, ఒకే ప్రజాతి, చాలావరకు గోధుమరంగో నలుపో. పైనుంచి తీసిన ఫొటోతో వాటిని విడదీయమంటే నేను దండం పెట్టి వచ్చేస్తాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. దీవుల్లో, కొండల్లో గ్రౌండ్ బీటిళ్లు తరచుగా రెక్కలు పోగొట్టుకుంటాయి. అట్లాంటిక్‌లోని మదీరా దీవుల్లో 550 జాతుల పెంకుపురుగులుంటే 200 ఎగరలేనివని వొల్లాస్టన్ అనే కీటక శాస్త్రవేత్త వేసిన లెక్కను డార్విన్ రాసుకున్నాడు. ఎగిరేవాటిని గాలి సముద్రంలోకి తోసేస్తుంది కాబట్టి ఎగరనివే మిగిలాయన్నాడు. 1943లో డార్లింగ్‌టన్ అనే ఇంకో కీటక శాస్త్రవేత్త అది గాలి పని కాదు, కదలక్కర్లేని స్థిరమైన చోటు పని అని వాదించాడు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. ఎగిరే కండరాలు తగ్గితే ఛాతీ వెనక భాగం పొట్టిదవుతుంది, భుజాలు జారిపోతాయి. ఏ సంబంధమూ లేని రెండు జాతులు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మీది మెరిసేది, రెక్కలున్నదే కావచ్చు, ఆ చిక్కు దానికి లేకపోవచ్చు. కానీ ‘చూస్తే తెలిసిపోతుంది’ అన్న మాట దీవి దగ్గర మానుకోవాలి.

ఉప్పల్_టార్చిలైటు:
మాస్టారూ, మరి ఫొటోలో ఏం కనబడితే మీరు ఒప్పుకుంటారు?

పాతనోట్సు:
కన్ను పైన పొడవాటి వెంట్రుక ఒకటా రెండా. మెడపలక (తల వెనకున్న పలక) అంచున వెంట్రుకలు ఎక్కడెక్కడ. ముందు రెక్కల చివర కోత ఎలా ఉంది, ముల్లు ఉందా లేదా. కింది వైపు ఎలా ఉంది. ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే మగదాని జననాంగం ఆకారం చూడాలి. అది ఫొటోలో కనబడదు, పురుగుని చంపి సేకరణ పెట్టెలోకి తీసుకెళ్లాలి.

నల్లగండ్ల_అక్క:
ఇక్కడే నాకు అభ్యంతరం. ఒక రికార్డుకి పేరు రాసుకోవడం కోసం ప్రాణం తీయాలా? టూరిస్టుగా వెళ్లినవాడు సీసాలో వేసుకొచ్చే వస్తువా అది? నేషనల్ పార్కు అయితే అనుమతి లేకుండా ముట్టుకోకూడదు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. తమ్ముడు ఫొటో తీసి వదిలేశాడు, అదే సరైన పని.

పాతనోట్సు:
అమ్మా, ఉప్పల్ గారు పట్టుకురావాల్సిందని నేను అనలేదు. అనుమతి తీసుకుని మ్యూజియం కోసం సేకరించే పని వేరే వాళ్లది. నేననేది ఇంతే: ఆ పని జరగనప్పుడు ఆ పని చేసినట్టు పేరు రాయొద్దు.

జీనోమ్‌వ్యాలీ_జీతగాడు:
చంపే పనేముంది, ఒక కాలు చాలు. మైటోకాండ్రియా (కణంలో సొంత డీఎన్ఏ ఉన్న భాగం)లో సీఓఐ అనే జన్యువు నుంచి 658 డీఎన్ఏ అక్షరాల ముక్క చదివితే పేరు వచ్చేస్తుంది. 2003 నుంచి ఇదే నడుస్తోంది. ఇంకా మీసాలూ వెంట్రుకలూ లెక్కపెట్టే కాలంలోనే ఉన్నామా?

క్యోటో_నుంచి_మలక్‌పేట:
భయ్యా, నేను జపాన్‌లో నాలుగేళ్లు ఉండి వచ్చాను. అక్కడ కెరాబస్ గ్రౌండ్ బీటిళ్లంటే పిల్లలకి పిచ్చి, పరిశోధకులకి ఇంకా పిచ్చి. హొన్షు దీవిలో ఓహోమోప్టెరస్ అని ఒక గుంపు ఉంది. పక్కపక్క జాతులు ఎప్పుడో కలిసి పిల్లల్ని కన్నాయి, ఒకదాని మైటోకాండ్రియా ఇంకోదాంట్లోకి దూరింది. ఆ డీఎన్ఏ ముక్క మాత్రమే చదివితే ఒక జాతిని పట్టుకుని పక్క జాతి పేరు చెప్తుంది. జాతిని సరిగ్గా చెప్పేది జననాంగమే. మయసానస్, ఇవావకియానస్ అని రెండు జాతులున్నాయి. పొరపాటున ఒకదానితో ఒకటి జతకడితే తాళం, తాళంచెవి కుదరవు, మగదాని జననాంగంలోని గట్టి ముక్క విరుగుతుంది, ఆడదానికి లోపల చిరుగుతుంది. సోటా, కుబోటా అనే పరిశోధకులు 1998లో చూపించారు.

అలాగని మాస్టారి వైపు పూర్తిగా లేను. జపాన్‌లోనే సాడో దీవిలో నత్తల్ని తినే బ్లాప్టాయిడీస్ అనే కెరాబస్ జాతి ఉంది. హొన్షులో దాని తల సన్నగా, మెడ పొడుగ్గా ఉంటుంది, నత్త గుల్లలోకి తల దూర్చి తింటుంది. సాడోలో అదే పురుగు బొద్దుగా, పెద్ద తలతో ఉంటుంది, గుల్లని పగలగొట్టి తింటుంది. పక్కపక్కన పెడితే ఎవరైనా రెండు జాతులంటారు. కానీ రెండూ ఒకే జాతిగానే లెక్క. రెంటినీ జతకడితే మధ్యస్థంగా ఉండే పిల్లలు పుడతాయి. అంటే కంటికి వేరుగా కనిపించేది ఒకటి, ఒకటిగా కనిపించేవి రెండు. మస్తు తమాషా.

గోల్కొండ_గబ్బిలం:
సరే, మరి అందరం ‘ప్రజాతి వరకే’ అని రాస్తూ కూర్చుంటే అండమాన్‌లో ఏముందో ఎవరికి తెలుస్తుంది? జాతి పేరు ఉంటేనే తెలిసినవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చూస్తారు. పేరు తప్పయితే సరిదిద్దుతారు. ఇంట్లో దాచిన ఫొటో కన్నా తప్పు పేరున్న ఫొటో మేలు.

పాతనోట్సు:
సరిదిద్దేవాళ్లు వస్తే మంచిదే. గ్రౌండ్ బీటిళ్లకి ఆ ఓపిక ఉన్నవాళ్లు దేశంలో ఎంతమంది? ఇద్దరు స్నేహితులు ‘అవును’ అని నొక్కితే ఆ రికార్డు ఖాయమైపోతుంది, మ్యాపులో చుక్క పడుతుంది. పదేళ్ల తర్వాత ఎవరో ఆ చుక్క చూసి ఈ జాతి అండమాన్‌లో ఉందని రాస్తారు. ప్రజాతి పేరు కిందా మీ ఫొటో దొరుకుతుంది కదా, దాచినట్టెలా అవుతుంది?

నల్లగండ్ల_అక్క:
ఇందులో మాత్రం మాస్టారితో ఏకీభవిస్తాను. యాప్ చెప్పింది ‘సూచన’ అని కింద రాసి, పైన ప్రజాతి పెట్టొచ్చుగా.

గోల్కొండ_గబ్బిలం:
నాకు నచ్చలేదు కానీ వాదించే ఓపిక అయిపోయింది.

ఉప్పల్_టార్చిలైటు:
మార్చేశాను. పైన కెటాస్కోపస్ వరకే. కింద యాప్ చెప్పిన పేరు, తేదీ, మొద్దు మీద దొరికిందని, కొలత అంచనా అనీ రాశాను. మాస్టారూ, రెక్కల చివర ముల్లు అన్నారు కదా, మిగతా పద్నాలుగు ఫొటోలు మళ్లీ తిరగేశాను. వెనకనుంచి తీసినది ఒకటి ఉంది.

పాతనోట్సు:
అద్భుతం! పెట్టండి, జూమ్ చేసి చూద్దాం.

ఉప్పల్_టార్చిలైటు:
పెడుతున్నాను. ముల్లు ఉండాల్సిన చోట మా అబ్బాయి బొటనవేలు ఉంది.