రోబో లాన్ మోవర్‌కి ఆటోమేటిక్ తలుపున్న గ్యారేజీ: పునాది, కప్పు, సెన్సరు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పెనమలూరు_పచ్చిక:
ఇంటి ముందు 4 సెంట్ల లాన్. బౌండరీ వైరు రకం మోవర్ (లాన్ అంచున పాతిన తీగ సిగ్నల్‌ని బట్టి తిరుగుతూ గడ్డి కోసే రోబో), కొలతలు 63 × 51 × 25 సెం.మీ. చార్జింగ్ స్టేషన్ ఎండలో ఉంది. దాని మీద చిన్న గ్యారేజీ కట్టి, మోవర్ వస్తుంటే తలుపు దానంతటదే తెరుచుకునేలా, లోపలికెళ్లాక మూసుకునేలా చేయాలి. తెలియాల్సినవి: నల్లరేగడిలో పునాది ఎలా, కప్పు దేనితో, తలుపుకి ఏ మోటారు, ఏ సెన్సరు, రంగు ఏది. కరెంటు పాయింటు కాంపౌండ్ గోడ దగ్గర ఉంది, స్టేషన్‌కి 18 మీటర్ల దూరం.

రేగడి_నేల:
పునాది తేలకుండా తలుపు మాట ఎత్తకండి. రేగడి వానకి ఉబ్బుతుంది, మే నెలలో బెత్తెడు వెడల్పున నెర్రెలిస్తుంది. నాలుగు మూలలా నాలుగు చిన్న కాంక్రీటు దిమ్మెలు పోసి ఫ్రేము నిలబెడితే ఒక్కో దిమ్మె ఒక్కో వైపు లేస్తుంది. తలుపు ఫ్రేము డైమండు ఆకారానికి వచ్చి, కింద అంచు పట్టేస్తుంది.

120 × 90 సెం.మీ. గుంట, సుమారు 40 సెం.మీ. లోతు. రేగడి మొత్తం తీసేయాలి. అడుగున 20 సెం.మీ. గ్రావెల్ వేసి నీళ్లు పెట్టి దిమ్మిస చేయాలి. దాని మీద 15 సెం.మీ. క్రషర్ డస్టు, రెండు పొరలుగా, ప్రతి పొరా దిమ్మిస. పైన కడప బండలు, గరుకు వైపు పైకి. స్టేషనూ గ్యారేజీ ఫ్రేమూ ఒకే పరుపు మీద ఉండాలి, ఇది ముఖ్యం. లేచినా కుంగినా రెండూ కలిసే కదులుతాయి కాబట్టి తలుపు పట్టదు. బండ పై అంచు లాన్ మట్టానికి సమానంగా రావాలి. 1 సెం.మీ. మెట్టున్నా తడి రోజు చక్రం జారుతుంది.

పలక పోయాలనే పట్టుదల ఉంటే అందులో ఇనుప ఊచల జాలీ వేయకండి. ముడివేసిన జాలీలో ప్రతి గడీ ఒక మూసిన చుట్టే. స్టేషన్ కింద బౌండరీ సిగ్నల్‌ని అది చెదరగొడుతుంది, మోవర్ డాక్ (చార్జింగ్ స్టేషన్) ముందుకొచ్చి వంకరగా తిరుగుతుంది.

ఆటోనగర్_ఫ్యాబ్:
25 మి.మీ. జీఐ చదరపు ట్యూబు ఫ్రేము, 0.5 మి.మీ. కలర్ కోటెడ్ షీటు, అయిపోయింది. ఆటోనగర్‌లో ఒక్క పూటలో వెల్డింగ్ అయిపోయే పని. దీనికి ఇంత చర్చ అక్కర్లేదు. జాయింట్లకి జింకు ప్రైమరు మాత్రం మరిచిపోవద్దు, వెల్డు చేసిన చోట గాల్వనైజింగ్ కాలిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది.

బ్యాటరీ_బాబ్జీ:
షీటు రేకు వేస్తే లోపల పొయ్యే. అన్నా, లిథియం అయాన్ సెల్‌ని 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదు. విజయవాడలో మే నెల నీడలోనే 43, 44 దాకా పోతుంది. ఒంటి రేకు కింద మధ్యాహ్నం అంతకంటే పది డిగ్రీలు ఎక్కువ. చాలా మోవర్లలో ఉష్ణోగ్రత సెన్సరు ఉంటుంది, అది చార్జింగ్ ఆపేస్తుంది. మనం చార్జర్ పోయిందనుకుని సర్వీసు వాళ్లకి ఫోను చేస్తాం.

ఆటోనగర్_ఫ్యాబ్:
పాలీకార్బొనేటు వేసుకోండి మరి.

బ్యాటరీ_బాబ్జీ:
అది ఇంకా ఘోరం. పారదర్శకం కదా, ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. అపాల్ వైట్ (పాలలాంటి తెల్లది) వేసినా కొంత వెలుతురు, దాంతో పాటు వేడి దిగుతుంది. కప్పు రెండు పొరలుండాలి. మధ్య 5 సెం.మీ. ఖాళీ, ఆ ఖాళీకి రెండు చివర్లా గాలి దారి. పై పొర ఎండని కాచుకుంటుంది, కింద పొర చల్లగా ఉంటుంది. రంగు తెలుపు తప్ప మరేదీ వద్దు. నోరు ఉత్తరానికి పెట్టండి, కుదరకపోతే తూర్పుకి.

ఈఎస్పీ_గుంటూరు:
ఒక 120 మి.మీ. ఫ్యాను, 12 వోల్టులది, 0.25 ఆంపు. డీహెచ్‌టీ22 ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి 38 దాటితే తిప్పండి. సమస్య తీరింది.

బ్యాటరీ_బాబ్జీ:
తీరలేదు. బయట గాలే 44 ఉంటే ఫ్యాను లోపలికి తోసేది ఆ 44నే. బయటి గాలి కంటే తక్కువకి ఫ్యాను దించలేదు.

ఈఎస్పీ_గుంటూరు:
ఎవరన్నారు తగ్గిస్తుందని? లోపల 54 ఉన్నదాన్ని 45కి తెస్తుంది. ఆ తేడా చాలదా? చదివి మాట్లాడండి.

బ్యాటరీ_బాబ్జీ:
చదివే మాట్లాడుతున్నా. 45 అంటే సరిగ్గా హద్దు మీద నిలబడడం. చార్జ్ అవుతున్న సెల్ తన వేడి తాను పుట్టిస్తుంది, అది లెక్కలో ఎక్కడ? ఫ్యాను దుమ్ము కూడా లాగుతుంది, కోసిన గడ్డి పొట్టు మొత్తం డాక్ కాంటాక్టుల మీదికే వస్తుంది.

ఈఎస్పీ_గుంటూరు:
జాలీ పెట్టుకుంటే పొట్టు రాదు. ప్రతిదానికీ వంక పెడితే ఎవరూ ఏమీ కట్టుకోలేరు.

తాడేపల్లి_తోట:
ఇద్దరూ ఆగండి. వేసవిలో షెడ్యూలు మార్చితే గొడవే లేదు. మోవర్ తెల్లవారుజామున 5 నుంచి 9 దాకా తిరగాలి. మళ్లీ చార్జింగ్ రాత్రి 9 తర్వాతే. స్టేషన్ సప్లైకి టైమర్ సాకెట్ పెడితే సరి అనుకోకండి, సప్లై తీసేస్తే లూప్ సిగ్నల్ (బౌండరీ వైరులో పారే సిగ్నల్) కూడా పోతుంది. యాప్‌లో చార్జింగ్ వేళ మార్చే వీలుంటే అక్కడే మార్చాలి. ఎండాకాలం నీళ్లు తక్కువైతే గడ్డి వానాకాలమంత వేగంగా పెరగదు కూడా, రోజు విడిచి రోజు చాలు.

కొరియన్_గ్రాస్_వద్దు:
గడ్డి ఏమిటో ఎవరూ అడగలేదే? కొరియన్ గ్రాస్ అయితే ముందు దాన్ని తీసేయండి. అది గుట్టలు గుట్టలుగా లేస్తుంది, మోవర్ ఆ గుట్టల నెత్తి గొరిగేసి పసుపు మచ్చలు చేస్తుంది, బోలు చోట గడ్డి వదిలేస్తుంది. ఈ మెషీన్లకి చదునైన గరిక జాతే సరి. ఎత్తు 35–40 మి.మీ. దగ్గర పెట్టాలి, ఎండాకాలం మరీ కిందికి దించొద్దు.

పాత_బడ్జెట్:
4 సెంట్లకి రోబో, దానికి గ్యారేజీ, దానికి మోటారు తలుపు! నెలకి రెండుసార్లు మనిషొచ్చి కోసి వెళ్తాడు కదండీ.

తాడేపల్లి_తోట:
చర్చ శీర్షిక చూసే వచ్చారుగా? మోవర్ కొన్నాక అడుగుతున్నవాళ్లకి మోవర్ ఎందుకని చెప్పడం సాయం కాదు. ఎండలో పాడయ్యే లక్ష రూపాయల వస్తువుని కాపాడుకోవడం ఎలాగో చెప్పగలిగితే చెప్పండి.

పీఎల్‌సీ_మాస్టారు:
పరిశ్రమల్లో ఆటోమేటిక్ డోర్లు, కన్వేయర్లు చేయడమే నా వృత్తి. ఇక్కడ చాలామంది తలుపు లాజిక్ తలకిందులుగా పట్టుకున్నారు. ‘మోవర్ వస్తుంటే తెరవాలి’ అనుకుంటే కష్టాలన్నీ మీద పడతాయి. లెక్క చూడండి. తలుపు 60 × 35 సెం.మీ., 12 మి.మీ. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన) బోర్డు, బరువు ఒకటిన్నర కిలో. పైన కీలు. కీలుకి 7 సెం.మీ. దూరంలో యాక్చుయేటర్ (కడ్డీని ముందుకీ వెనక్కీ నెట్టే మోటారు) పట్టిస్తే 90 డిగ్రీలు తెరవడానికి సుమారు 100 మి.మీ. స్ట్రోక్, అంటే కడ్డీ కదలిక, కావాలి. మామూలు యాక్చుయేటర్ సెకనుకి 10 మి.మీ. కదులుతుంది, అంటే 10 సెకన్లు. మోవర్ సెకనుకి 35 సెం.మీ. నడిస్తే ఆ 10 సెకన్లలో మూడున్నర మీటర్లు వచ్చేస్తుంది. అంటే సెన్సరు 4 మీటర్ల అవతల, లాన్ మధ్యలో పాతాలి. అక్కడ దాని మీదుగా కుక్కా పోతుంది, పిల్లలూ పోతారు, తలుపు ఊరికే ఆడుతుంది.

మోవర్ బయట ఉన్నంతసేపూ తలుపు తెరిచే ఉంచండి. అప్పుడు రాక కనిపెట్టే సెన్సరే అక్కర్లేదు. కనిపెట్టాల్సింది రెండే: డాక్ అయిందా, బయల్దేరబోతోందా. రెండింటికీ చార్జింగ్ కరెంటే సాక్షి. కరెంటు పెరిగి ఒక నిమిషం నిలబడితే మూసేయాలి. పడిపోయిందంటే చార్జ్ పూర్తయింది, బయల్దేరొచ్చు, తెరవాలి. ఆ రోజు షెడ్యూలు అయిపోతే మూసి ఉంచొచ్చు, మర్నాడు బయల్దేరే వేళకి ఐదు నిమిషాల ముందు తెరవాలి. అనుమానం వచ్చిన ప్రతి సందర్భంలోనూ తలుపు తెరిచి ఉండడమే సరైన స్థితి. మూసిన తలుపుని మోవర్ వెనక్కొచ్చి గుద్దితే ఎవరో ఎత్తారనో, దేన్నో గుద్దుకున్నాననో ఎర్రర్ పడి ఆగిపోతుంది.

ఈఎస్పీ_గుంటూరు:
మాస్టారూ, లాజిక్ బాగుంది. కరెంటు కొలవడానికి చార్జర్ కేబుల్ కోస్తే వారంటీ పోతుంది. ఏసీఎస్712 కరెంటు సెన్సరు పెట్టాలంటే వైరు తెంచాల్సిందే.

పీఎల్‌సీ_మాస్టారు:
తెంచొద్దు. కోర్ విడిపోయే హాల్ సెన్సరు, డీసీ కొలిచేది దొరుకుతుంది. కేబుల్‌లో ఒక్క తీగ చుట్టూనే బిగించాలి, రెండూ కలిపి బిగిస్తే సున్నా చూపిస్తుంది. పై తొడుగు ఒలిస్తే చాలు, తీగ తెగదు. అదీ ఇష్టం లేకపోతే చార్జర్ ప్లగ్గు దగ్గర 230 వోల్టుల వైపు పవర్ కొలిచే స్మార్ట్ ప్లగ్గు పెట్టి, వాట్లు చూసి నిర్ణయించండి.

యాక్చుయేటర్‌కి మాత్రం ఏసీఎస్712 బాగా పనికొస్తుంది. మొదటి 300 మిల్లీ సెకన్ల ఉప్పెన వదిలేసి, తర్వాత మామూలు కరెంటుకి ఒకటిన్నర రెట్లు దాటి అర సెకను నిలబడితే ఆపి వెనక్కి తిప్పాలి. చిన్నపిల్లల వేళ్లు నలగకుండా కాపాడడానికి ఇది తప్పనిసరి. 750 న్యూటన్ల యాక్చుయేటర్ ఈ తలుపుకి చాలా ఎక్కువ, గాలివానని లెక్కేసినా 300 సరిపోతుంది. బలం ఎక్కువైతే కీలు ఊడుతుంది కానీ అది ఆగదు.

వైరింగ్_వన్‌టౌన్:
18 మీటర్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గోడ దగ్గర 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ (230 వోల్టుల్ని తక్కువ వోల్టుల డీసీగా మార్చేది) పెట్టి 1.5 చదరపు మి.మీ. తీగ లాగితే, పోనూ రానూ 36 మీటర్లు, నిరోధం 0.44 ఓమ్. యాక్చుయేటర్ నడిచేటప్పుడు 3 ఆంపులకి 1.3 వోల్టు పోతుంది, ఫర్వాలేదు. మొదలయ్యేటప్పుడు 8 ఆంపులు లాగితే మూడున్నర వోల్టు పడి అవతల 8.5 మిగులుతుంది. అదే తీగ మీద ఉన్న ఈఎస్పీ32 (తలుపుని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) రీసెట్ కావొచ్చు. తలుపు సగంలో ఆగడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగడం.. దీనికి కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

గోడ దగ్గర 24 వోల్టులు పెట్టి, గ్యారేజీలో బక్ కన్వర్టరుతో (వోల్టేజీ తగ్గించేది) 12 చేసుకోండి. బక్ తర్వాత 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్. 230 వోల్టులు లాన్ కిందుగా తీసుకెళ్లే పని ఎవరూ చేయొద్దు, పార పడే చోటు అది. గోడ దగ్గర 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) తప్పనిసరి. చార్జర్ అడాప్టరు గోడ మీద నాలుగడుగుల ఎత్తున. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఎలా వచ్చాయో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. గ్యారేజీని ఎత్తు చేయలేం, మోవర్ ఎక్కలేదు. కాబట్టి స్టేషన్ వైర్లకి కనెక్టర్లు పెట్టి, వాన హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టుకునేలా ఉండాలి. పిడుగుల వేళ కూడా అంతే, బౌండరీ వైరు లాన్ చుట్టూ పరిచిన ఏరియల్‌లాంటిది, కనెక్టర్లు ఊడదీయడమే క్షేమం.

పెనమలూరు_పచ్చిక:
కరెంటు పోతే తలుపు మూసినట్టే ఉండిపోతుంది కదా? యూపీఎస్ పెట్టాలా?

పీఎల్‌సీ_మాస్టారు:
మీది వైరు రకం కాబట్టి అక్కర్లేదు. కరెంటు పోతే లూప్ సిగ్నల్ ఉండదు, మోవర్ కదలదు. ఉపగ్రహాలతో నడిచే ఆర్‌టీకే రకాలు, కెమెరా రకాలు తమ బ్యాటరీ మీదే బయల్దేరొచ్చు, వాళ్లకి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ కావాలి. మీకు ఒక్కటే జాగ్రత్త: కరెంటు తిరిగి రాగానే మోవర్ బయల్దేరొచ్చు. ఈఎస్పీ32 ఆన్ అయిన వెంటనే చేసే మొదటి పని తలుపు తెరవడమే కావాలి, వైఫై కోసం ఎదురుచూడకూడదు.

ఆటోనగర్_ఫ్యాబ్:
ఆర్‌టీకే వాళ్లు రేకు వేయకూడదని నేనే చెప్తున్నా, ఉపగ్రహ సిగ్నల్ ఆగిపోతుంది. ఏసీపీ షీటులోనూ అల్యూమినియం ఉంటుంది, అదీ అంతే. వైరు రకానికి కప్పు రేకుతో సమస్య లేదు, నేల ఇనుముతోనే. ఎండ మాటకి ఒప్పుకుంటాను, రెండు పొరలు వేద్దాం: పైన తెల్ల రేకు, కింద 12 మి.మీ. డబ్ల్యూపీసీ. ప్లైవుడ్ మాత్రం వేయకండి, ఈ నేలలో చెదలు ఊరుకోవు.

పందికొక్కు_బాధితుడు:
ఇన్ని చెప్పారు, తీగ కొరికే పందికొక్కుల సంగతేంటి? గ్యారేజీ కింద చల్లగా ఉంటుంది కాబట్టి కలుగు అక్కడే పెడతాయి. స్టేషన్ చుట్టూ రెండు మీటర్ల వరకు బౌండరీ వైరుని 20 మి.మీ. పీవీసీ పైపులో వేయాల్సిందే.

రేగడి_నేల:
పైపు వేసినా నెర్రెల దగ్గర తీగ సాగి తెగుతుంది. ప్రతి మూల దగ్గరా ఒక జానెడు వదులు ఉంచాలి. తెగితే మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టొద్దు, తేమకి పచ్చగా చిలుము పట్టి మళ్లీ అక్కడే పోతుంది. జెల్ నింపిన కనెక్టరే వాడాలి. తెగిందో లేదో మల్టీమీటరుతో చూడండి: రాగి తీగ 1 చదరపు మి.మీ. అయితే 100 మీటర్లకి 1.8 ఓమ్ దగ్గర రావాలి. 30, 40 చూపిస్తే తీగ తెగలేదు, జాయింటు చిలుము పట్టిందని అర్థం.

చీమల_మందు:
కంట్రోల్ బాక్సులో చీమలు! దుమ్మూ నీళ్లూ దూరని ఐపీ65 బాక్సు అని కొంటారు, వైర్ల కోసం పైన బెజ్జం పెడతారు. బెజ్జం అడుగునే, కేబుల్ గ్లాండ్ పెట్టి, వైరు బాక్సుకంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, నీటి బొట్టు అక్కడే రాలిపోతుంది. వాడని గ్లాండ్లకి మూత. రిలే (కరెంటుతో ఆడే స్విచ్) కాంటాక్టుల మధ్య చీమ నలిగితే తలుపు ఒకవైపే తిరుగుతుంది.

ఈఎస్పీ_గుంటూరు:
అందుకే రిలేలు మానేసి బీటీఎస్7960 మోటారు డ్రైవరు బోర్డు పెట్టమనేది. నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు, పైన చెప్పిన 8 ఆంపుల ఉప్పెన కూడా తగ్గుతుంది. లిమిట్ స్విచ్‌లు యాక్చుయేటర్ లోపల ఉన్నవే నమ్ముకోకండి, తలుపు మీద అయస్కాంతం, ఫ్రేముకి రీడ్ స్విచ్ పెట్టి తలుపు నిజంగా తెరుచుకుందో లేదో విడిగా చూడాలి. యాక్చుయేటర్ పిన్ను ఊడినా దాని లెక్కలో తలుపు తెరుచుకున్నట్టే ఉంటుంది.

పెనమలూరు_పచ్చిక:
ఫ్యాను సంగతి తేలలేదు. పెట్టాలా వద్దా?

బ్యాటరీ_బాబ్జీ:
వద్దు. కప్పు రెండు పొరలు, వెనక గోడకి పైన కిందా జాలీ కిటికీలు, రాత్రి చార్జింగ్.

ఈఎస్పీ_గుంటూరు:
పెట్టండి. 12 వోల్టులు ఎలాగూ లోపలికి వస్తున్నాయి. తలుపు మూసి ఉన్నప్పుడు జాలీ కిటికీలు ఒక్కటే చాలవు. లోపలొకటి, బయట నీడలో ఒకటి, రెండు డీహెచ్‌టీ22లు పెట్టి, లోపల బయటికంటే 3 డిగ్రీలు ఎక్కువుంటేనే తిరిగేలా రాయండి, వృథా తిరుగుడు ఉండదు.

బ్యాటరీ_బాబ్జీ:
ఆ 3 డిగ్రీల షరతు పెడితే నాకు అభ్యంతరం లేదు. ఫ్యాను గాలిని బయటికి లాగేటట్టు వెనక గోడ పైభాగాన బిగించండి, లోపలికి తోసేటట్టు కాదు. కాంటాక్టుల మీద పొట్టు పడదు. అయినా నెలకోసారి సన్న ఎమరీ కాగితంతో కాంటాక్టులు తుడవాలి.

కొరియన్_గ్రాస్_వద్దు:
గడ్డి ఏదో ఇంకా చెప్పలేదు.

పెనమలూరు_పచ్చిక:
మెక్సికన్ గ్రాస్ అండీ. గుట్టలు లేవు. గుంట తవ్వించే ముందు ఒకటి చెప్పండి, గ్రావెల్ బదులు ఇంటి పనిలో మిగిలిన 40 మి.మీ. కంకర వాడొచ్చా?

రేగడి_నేల:
వాడొచ్చు, కానీ దాని మీద నేరుగా క్రషర్ డస్టు వేస్తే వానలకి సందుల్లోకి దిగిపోయి బండలు కుంగుతాయి. మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. అది దొరక్కపోతే 20 మి.మీ. చిప్స్ రెండంగుళాల మందాన వేసి, బాగా దిమ్మిస చేశాక డస్టు పోయండి.